సంచుల పెద్దమ్మ బాగు చేయించిన ఫోన్

బడి గేటు దాటగానే ఎడమ చేతి వైపు ఒక చిన్న గది ఉంటుంది. ఒకప్పుడు అందులో కాళ్ళు విరిగిన బెంచీలు, అడుగు ఊడిన బకెట్లు, ఎవరిదో తెలియని ఒంటి చెప్పు కాపురం ఉండేవి. ఇప్పుడు తొంగి చూస్తే గోడ నిండా బట్ట సంచులు వేలాడుతూ కనిపిస్తాయి. యూనిఫాంలు కుట్టగా మిగిలిన నీలం ముక్కలతో కుట్టినవి. ఒక్కో దాని మీద రంగు దారంతో ఒక్కో గుర్తు. చేప, గొడుగు, గాలిపటం, టీ కప్పు, తోక పెద్దదైపోయిన ఒక పిల్లి. పేర్లు మాత్రం ఉండవు. పేరైతే కళ్ళజోడు పెట్టుకుని చదవాలి, గుర్తయితే చూస్తే చాలు అంటుంది వాటిని కుట్టినావిడ.

ఆవిడే సంచుల పెద్దమ్మ. ఆ బడిలో ఏళ్ళ తరబడి మూడంతస్తులూ ఊడ్చి, తుడిచి, మోకాళ్ళు అరగదీసుకున్న మనిషి. మెట్లెక్కేటప్పుడు మోకాళ్ళు చప్పుడు చేస్తే, "వస్తున్నానే, తొందరపెట్టకండి" అని వాటికి సమాధానం చెప్పుకుంటూ ఎక్కేది. ఇప్పుడు పిల్లల ఫోన్లకు కాపలా. పొద్దున పిల్లలు ఫోన్ ఇచ్చి క్లాసుకు పోతారు, సాయంత్రం గంట కొట్టాక తీసుకుని ఇళ్ళకు పోతారు. ఈ మధ్యలో ఫోన్లన్నీ ఆ నీలం సంచుల్లో పడుకుంటాయి.

ఈ ఏర్పాటు రాకముందు ఆఫీసు గదిలో ఒక పసుపు ప్లాస్టిక్ టబ్ ఉండేది. ఉల్లిపాయలు పోసినట్టు ఫోన్లన్నీ అందులో పోసేవారు. సాయంత్రమయ్యేసరికి దాని చుట్టూ సంతే. ఒకరి ఫోన్ మీద ఇంకొకరి ఫోన్ పడి అద్దాలు పగిలేవి. ఒకసారి తొమ్మిదో తరగతి పిల్లాడు వేరేవాడి నల్ల ఫోన్ పట్టుకుపోయాడు. వాడి తల్లి ఆ ఫోన్‌లో వచ్చిన గొంతు తన తమ్ముడిదనుకుని, తెలియని పెద్దమనిషిని పట్టుకుని, "నీకు ఇల్లు గుర్తుందా అసలు?" అని చెడామడా తిట్టిందట. ఆ పెద్దమనిషి కూడా పాపం, ఎవరో అక్కగారే తిడుతున్నారనుకుని, వచ్చే ఆదివారం తప్పకుండా వస్తానని మాటిచ్చాడట.

గొడవలు ముదిరాక తల్లిదండ్రుల కమిటీ కూర్చుంది. దాని అధ్యక్షుడు బజారులో రంగుల దుకాణం నడిపే ఆయన. ఫోన్ అన్నది గేటు లోపలికే రాకూడదని ఆయన పట్టు. దూరం నుంచి రెండు బస్సులు మారి వచ్చే పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, దారిలో ఆలస్యమైతే ఇంటికి ఎలా చెప్పుకుంటారని పెద్ద మేడమ్ బాధ. ఇద్దరూ ఎటూ తేల్చుకోలేకపోతుంటే, బయట వరండా తుడుస్తున్న పెద్దమ్మ గుమ్మంలోకి వచ్చి, ఆ పిల్లి కూనల్ని నాకు అప్పగించండమ్మా, నేను చూసుకుంటానంది. పిల్లి కూనలేమిటని అధ్యక్షుడు అడిగితే ఫోన్లేనని చెప్పింది.

పెద్ద మేడమ్ ఒప్పుకున్నారు. అధ్యక్షుడు మాత్రం ఒక షరతు పెట్టాడు. పరీక్షల దాకా చూస్తారు. ఈలోగా క్లాసులో ఎక్కడైనా ఒక్క ఫోన్ చప్పుడు వినిపించినా, సంచులూ గదీ అన్నీ బంద్. ఫోన్లు ఇళ్ళ దగ్గరే ఉంటాయి, పెద్దమ్మ మళ్ళీ చీపురు పట్టుకుని మూడంతస్తులూ ఎక్కాలి. ఆమె సరేనని తలూపింది. మోకాళ్ళను మాత్రం అడగలేదు.

అలా మొదలైంది. భర్త దర్జీ కాబట్టి ముక్కలకు కొదవలేదు. ఆయన కుడతానంటే వద్దంది. నువ్వు కుడితే బట్టలా ఉంటుంది, నేను కుడితే ఉయ్యాలలా ఉంటుందని ఆయనకు చెప్పింది. ఆయన ఇంత వయసొచ్చాక ఈ మాట వినాల్సి వచ్చిందే అని నవ్వుకుని, దారపు ఉండలు ఆమె ముందు పెట్టాడు.

పొద్దున ఒక్కో ఫోన్ అందుకుని, మెత్తటి గుడ్డతో తుడిచి, సంచిలో పెట్టి తగిలించేది. ఆఖరి సంచి తగిలించాక గది మధ్యలో నిలబడి కళ్ళు మూసుకునేది. "స్వామీ, ఇవి నా దగ్గర క్షేమం. వాళ్ళు నీ దగ్గర క్షేమం" అని ఒక్క మాట అనుకుని, అప్పుడు స్టూలు మీద కూర్చునేది. ఎవరి సంచిలోనైనా ఫోన్ మోగితే తీసేది కాదు. అది తన పని కాదు. కానీ మోగేదాన్ని ఊరికే వదిలేయడానికి మనసొప్పక, సంచి దగ్గరకు వెళ్ళి, "లెక్కల క్లాసులో ఉన్నాడమ్మా, సాయంత్రం చేస్తాడు" అని మెల్లగా చెప్పి వచ్చేది. అవతలివాళ్ళకు వినపడకపోయినా, సంచికి వినపడుతుంది కదా.

పిల్లలు ఊరుకుంటారా. ఒకరోజు అందరూ కూడబలుక్కుని ఒకే సమయానికి అలారాలు పెట్టి ఇచ్చారు. పాఠాలు సాగుతుండగా గది గదంతా కోళ్ళు కూసి, గంటలు మోగి, ఎవరిదో ఏనుగు ఘీంకరించింది. ఏ ఫోన్‌ను ఎలా ఆపాలో తెలియక పెద్దమ్మ తలుపు మూసి, దానికి వీపు ఆనించి నిలబడింది. సాయంత్రం ఒక్కరినీ తిట్టలేదు. ఏనుగు ఎవరిదో చెప్పండర్రా, అది మాత్రం బాగుంది, నాకు మళ్ళీ ఒకసారి వినిపించండి అంది. ఏనుగు గలవాడు సిగ్గుపడుతూనే వినిపించాడు.

మొదట్లో మధ్యాహ్నం అన్నాల వేళ పిల్లలకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. జేబులు తడుముకునేవారు. ఒక చిన్నపిల్ల ఆ గది గుమ్మంలో కూర్చుని, "పెద్దమ్మా, ఏం తోచకపోతే ఏం చెయ్యాలి?" అని అడిగింది.

"తోచకుండా ఉండు తల్లీ. కాసేపయితే అదే తోస్తుంది."

నిజంగానే తోచింది. సీసా మూతలతో చదరంగం మొదలైంది. మెట్ల కింద నిలబడి పాడితే గొంతు రెండింతలవుతుందని ఎవరో కనిపెట్టారు. పక్క బెంచీవాడికి ఇద్దరు చెల్లెళ్ళున్నారని, వాళ్ళిద్దరూ కవలలని, మూడేళ్ళు పక్కనే కూర్చున్నవాడికి అప్పుడు తెలిసింది.

అందరికీ కాదు. పదో తరగతిలో నిచ్చెన అనే పిల్ల ఉండేది. పొడుగు మూలాన ఆ పేరు పెట్టారు. అల్మరా పైన ఏది అందకపోయినా "ఏయ్ నిచ్చెనా" అని పిలిచేవారు, ఆమె కూడా విసుక్కోకుండా తీసిచ్చేది. మంచి పిల్లే. కానీ ఆమె పొద్దున పెద్దమ్మ చేతిలో పెట్టేది వాళ్ళమ్మ ఎప్పుడో వాడి పారేసిన పాత ఫోన్. ప్రాణం లేనిది. అసలు ఫోన్ ఎడమ కాలి మేజోడులో ఉండేది. చిన్న చిన్న వీడియోలంటే ఆమెకు పిచ్చి. ఒకటి చూస్తే ఇంకొకటి, ఇంకొకటి చూస్తే మరొకటి. చివరి బెంచీలో డెస్కు కింద చప్పుడు లేకుండా చూసేది. రాను రాను పుస్తకంలో ఒక పేజీ పూర్తిచేసేలోగా చెయ్యి దానంతటదే మేజోడు వైపు పోయేది. పిలవకుండానే వచ్చే చుట్టంలాగా. ఒకప్పుడు తరగతిలో ముందుండే పిల్ల, ఇప్పుడు టీచరు పేరు పెట్టి పిలిస్తే, ఏ పాఠమో ముందు పక్కవాళ్ళను అడగాల్సి వచ్చేది.

ఆ పాత ఫోన్ మీద పెద్దమ్మ కన్ను పడింది. గొడుగు గుర్తు సంచిలో ఉండేది. ఎప్పుడూ మోగదు, ఎప్పుడూ వెలగదు, అద్దం మీద అడ్డంగా ఒక పగులు. తుడుస్తున్నప్పుడల్లా ఆమెకు దిగులేసేది. ఇంట్లో ఏదో ఇబ్బంది ఉండి ఉంటుంది, తోటివాళ్ళు నవ్వుతారని పాపం చచ్చిన ఫోన్‌నే రోజూ మోసుకొస్తోంది అనుకుంది. అడిగితే పిల్ల చిన్నబుచ్చుకుంటుంది. అడగకుండా చెయ్యగలిగింది చెయ్యాలి.

ఆమె తమ్ముడికి బస్సులు ఆగేచోట ఫోన్లు బాగుచేసే చిన్న దుకాణం ఉంది. తన కాపలాలో ఉన్న వస్తువును గేటు దాటించవచ్చా అని ఆమె చాలాసేపు తర్జనభర్జన పడింది. జ్వరమొచ్చిన బిడ్డను పక్కింటివాళ్ళు వైద్యుడి దగ్గరకు తీసుకుపోతే తప్పా అని తనకు తనే చెప్పుకుని, మధ్యాహ్నం గదికి తాళం వేసి, ఫోన్‌ను రుమాల్లో చుట్టి పట్టుకుపోయింది.

తమ్ముడు దాని వెనక మూత ఊడదీసి, లోపలికి వంగి చూశాడు. లోపల బ్యాటరీ లేదు. ఆ చోట ఒక అట్టముక్కను సరిగ్గా కొలత తీసి కత్తిరించి పెట్టారు. బరువు కోసమన్నట్టు దాని కింద ఒక సన్నటి రేకు కూడా ఉంది.

"అక్కా, ఇది రిపేరుకొచ్చిన ఫోన్ కాదు. నిన్ను బోల్తా కొట్టించడానికొచ్చిన ఫోన్."

"ఆ మాట అనకు. బ్యాటరీ కూడా పెట్టించుకోలేక అట్ట పెట్టుకుందిరా పిల్ల. చూస్తుంటే కడుపు తరుక్కుపోతోంది."

తమ్ముడు నుదురు కొట్టుకుని నవ్వాడు. ఈ కాలం పిల్లల సంగతులు ఒకటి రెండు చెప్పబోయాడు. ఆమె వినలేదు. ఎదిగే పిల్ల మీద లేనిపోని అనుమానం వేస్తే, అది మనకే మంచిది కాదంది. అక్క సంగతి తెలిసినవాడు కనుక ఇంకేమీ అనకుండా, సొరుగులో పడి ఉన్న పాత బ్యాటరీ ఒకటి వెతికి తొడిగాడు. అద్దం కూడా మార్చాడు. బదులుగా అతని దుకాణం ముందు కట్టడానికి ఎండ పడకుండా ఒక తెర కుట్టిస్తానని ఆమె ఒప్పుకుంది. ఫోన్ వెలిగింది. తెర మీద ముందు పళ్ళు రెండూ లేని ఒక చిన్నపిల్ల నోరంతా తెరిచి నవ్వుతోంది.

ఆ సాయంత్రం పెద్దమ్మ నిచ్చెనను అందరూ వెళ్ళేదాకా ఆపింది. చుట్టూ ఎవరూ లేకుండా చూసి ఫోన్ చేతిలో పెట్టింది.

"పనిచేస్తోంది. ఎవరితోనూ అనలేదులే. ఆ బోసినోటి పిల్ల నువ్వేనా?"

నిచ్చెన తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయింది. అవునన్నట్టు తలూపింది. ముందు పళ్ళు ఇప్పుడు చక్కగా వచ్చాయని మెచ్చుకుని పెద్దమ్మ గది తాళం వేసుకుంది.

స్నేహితులకు సంగతి తెలిసి పడి పడి నవ్వారు. నీ శవానికి ప్రాణమొచ్చిందటగా అని ఏడిపించారు. నిచ్చెన కూడా నవ్వింది గానీ అందరికంటే ముందే ఆపేసింది. మర్నాటి నుంచి పెద్దమ్మ ఆమెను చూడగానే మొహం ఇంత చేసుకునేది. చార్జింగ్ ఉందా తల్లీ, లేకపోతే నేను పెడతానులే అనేది. వాన పడిన రోజు గొడుగు సంచికి ఇంకో పొర కూడా వేసింది. ఆ మంచితనం నిచ్చెనకు మేజోడులో ముల్లులా గుచ్చుకునేది. రేపటి నుంచి అసలుది ఇచ్చేద్దామని రోజూ రాత్రి అనుకునేది. పొద్దున కాలికి మేజోడు వేసుకునేటప్పుడు, ఈ ఒక్క రోజుకే అనుకునేది.

పరీక్షలు దగ్గరపడుతుండగా రంగుల దుకాణం ఆయన ఒకరోజు బడి చూడటానికి వచ్చాడు. పెద్ద మేడమ్‌తో కలిసి అన్ని క్లాసులూ తిరిగి, మూడో అంతస్తులో పదో తరగతి గదిలోకి వచ్చి, వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాడు. లెక్కల మేడమ్ బోర్డు మీద త్రిభుజం గీస్తున్నారు. సుద్ద చప్పుడు తప్ప ఏమీ లేదు. నిచ్చెన పుస్తకంలోకే చూస్తోంది. కానీ ఆ చుట్టపు చెయ్యి ఊరుకోలేదు. దానంతటదే కిందకి పోయి ఏదో నొక్కింది.

"ఆగండి ఆగండి, అసలు మజా ఇప్పుడే మొదలవుతుంది" అని ఒక మగ గొంతు మేజోడులోంచి గట్టిగా అరిచి, విరగబడి నవ్వింది.

నిచ్చెన నొక్కేసింది గానీ అప్పటికే అందరూ విన్నారు. ఎవరిదని అధ్యక్షుడు అడిగాడు. అందరూ పుస్తకాల్లోకి తలలు దించారు. కింద గదిలోంచి పెద్దమ్మను పిలిపించారు. ఆమె వచ్చేదాకా మెట్ల మీద మోకాళ్ళను బుజ్జగిస్తున్న గొంతు క్లాసంతా విన్నది. తలుపు దగ్గరకొచ్చి, గొళ్ళెం పట్టుకుని ఊపిరి తీసుకుంది.

అన్ని ఫోన్లూ ఇచ్చారా అని పెద్ద మేడమ్ అడిగితే, అన్ని సంచులూ నిండే ఉన్నాయమ్మా అంది. నిండి ఉంటే మరి ఇక్కడ కూసింది ఏమిటని అధ్యక్షుడు అడిగాడు. ఎవరో ఒకరు ముద్దుగా అడిగి ఉంటారు, మీరు జాలిపడి వదిలేసి ఉంటారు, మీ సంగతి నాకు తెలుసన్నాడు. అనుకున్న మాట అనుకున్నట్టే, సంచుల గది రేపటి నుంచి బంద్ అన్నాడు.

పెద్దమ్మ ఆయన్ని చూసింది, పిల్లల్ని చూసింది.

"గది మూస్తే మూయండి బాబూ. కానీ వీళ్ళు దాచుకున్నారని మాత్రం అనకండి. మా పిల్లలు నా చేతికివ్వకుండా తెచ్చుకునేవాళ్ళు కారు."

చివరి బెంచీలో నిచ్చెన లేచి నిలబడింది. అంత పొడుగు మనిషీ చిన్నదైపోయింది. తప్పు పెద్దమ్మది కాదంది. చచ్చిన ఫోన్ ఇచ్చి అసలుది దాచుకుంటున్నానని, అట్టముక్క తనే కత్తిరించానని, పెద్దమ్మ దాన్ని నిజమనుకుని తమ్ముడి చేత బాగు చేయించిందని, అన్నీ ఒకదాని వెంట ఒకటి చెప్పేసింది. మేజోడులోంచి ఫోన్ తీసి లెక్కల మేడమ్ బల్ల మీద పెట్టింది.

"డమ్మీకి బ్యాటరీ వేయించారా?" అని అధ్యక్షుడు నవ్వు ఆపుకోలేక అడిగాడు. క్లాసు కూడా నవ్వింది. కానీ పెద్దమ్మ నవ్వడం లేదని చూసి ఒక్కొక్కరే ఆగిపోయారు. ఆమె దగ్గర్లో ఉన్న బెంచీ చివర కూర్చుంది. 

"అయితే మీ ఇంట్లో ఇబ్బందేమీ లేదన్నమాట."

లేదని నిచ్చెన తలూపింది.

"అమ్మయ్య. పోనీలే తల్లీ. ఏం కష్టమో ఏమోనని నెల నుంచి దేవుణ్ణి పీక్కుతింటున్నాను. ఇవాళ్టి నుంచి ఆయనకు కాస్త విశ్రాంతి."

దాంతో నిచ్చెన ఏడ్చేసింది. ఆ ఏడుపు మధ్యలో రెండో బెంచీలో ఒకడు లేచి, అన్నం డబ్బా మూత తీసి, అడుగు గిన్నెలోంచి ఒక ఫోన్ తీశాడు. కిటికీ పక్కపిల్ల మందపాటి నిఘంటువు తెరిచింది. మధ్యలో పేజీలన్నీ కోసి గూడు చేసి ఉంది. ఆ నిఘంటువు బడి లైబ్రరీదే కావడం వల్ల పెద్ద మేడమ్ మొహం ఎర్రబడింది. బల్ల మీద చిన్న కుప్ప తేలింది, కింద సంచుల్లో ఉన్న వాళ్ళవీ పనికిరాని ఫోన్లేనట.

ఇంక బంద్ తప్పదన్నాడు అధ్యక్షుడు. పెద్ద మేడమ్ ఒక దారి చెప్పారు. రేపటి నుంచి పెద్దమ్మ ప్రతి ఫోన్‌నూ వెలిగించి చూసి, అప్పుడే సంచిలో వెయ్యాలి. అధ్యక్షుడికి ఆ మాట కొంత నచ్చింది. నచ్చనిది పెద్దమ్మకే. అది తన వల్ల కాదంది. పొద్దున్నే నవ్వుతూ వచ్చే పిల్ల చేతిలోంచి వస్తువు తీసుకుని, నువ్వు దొంగవా దొరవా అని పరీక్ష పెట్టడం కంటే మెట్లు ఊడవడమే మేలంది. చీపురు ఎక్కడ పెట్టానో కూడా గుర్తుంది అంది. పెద్ద మేడమ్ ఎంత చెప్పినా వినలేదు. బెంచీ మీద నుంచి లేవబోయి, మోకాలు పట్టేసి, మళ్ళీ కూర్చుంది.

అది చూసి ఏనుగు అలారం వాడు లేచాడు. వాడూ ఆ క్లాసే.

"పెద్దమ్మ వెలిగించి చూడక్కర్లేదు మేడమ్. రోజూ పెద్దమ్మ ముందు మేమే స్విచ్ ఆఫ్ చేసి ఇస్తాం. ఆపాలంటే ముందు వెలగాలి కదా. ఆవిడ చూడక్కర్లేదు, వరుసలో వెనకున్నవాళ్ళం చూస్తాం."

అధ్యక్షుడు ఆ మాటను అటూ ఇటూ తిప్పి చూశాడు. దుకాణంలో రంగు డబ్బా మూత గట్టిగా ఉందో లేదో చూసేవాడిలాగా. చివరికి, పరీక్షల దాకానే అన్నాడు. బల్ల మీది కుప్పను పెద్ద మేడమ్ తీసుకున్నారు, తల్లిదండ్రులు వచ్చి పట్టుకుపోవాలన్నారు. కోసిన నిఘంటువుకు బదులు కొత్తది రావాలన్నారు. పెద్దమ్మ కిందికి దిగేటప్పుడు, అడక్కుండానే నిచ్చెన ఆమె మోచెయ్యి పట్టుకుంది. మూడంతస్తులూ ఇద్దరూ ఒక్కో మెట్టే దిగారు. మోకాళ్ళే మాట్లాడాయి.

నిచ్చెన తల్లి ఆ సాయంత్రమే వచ్చి సంగతి విని, సిగ్గుపడి, కూతుర్ని నాలుగు తిట్టింది. పెద్దమ్మ బాగు చేయించిన పాత ఫోన్ చూసి మాత్రం, దాన్ని చేతిలోంచి వదలలేకపోయింది. ఆ బోసినోటి బొమ్మ పోయిందనే అనుకుందట ఇన్నాళ్ళూ. కొత్త ఫోన్ పరీక్షలయ్యేదాకా ఇంట్లో బీరువాలో ఉంటుందని, దారిలో ఇంటికి చేసుకోవడానికి ఇది చాలునని అక్కడికక్కడే తేల్చేసింది. ఆ పాతదానికి వీడియోలు చూపించేంత ఓపిక ఎటూ లేదు.

మర్నాడు పొద్దున గేటు దగ్గర వరుస చాలాసేపు నడిచింది. ఒక్కొక్కరూ గది ముందుకు వచ్చి, మీట నొక్కి పట్టుకుని, తెర నల్లబడేదాకా ఆగి ఇస్తున్నారు. ఆ కాసేపూ పెద్దమ్మ మొహం గోడ వైపు తిప్పుకుని, సంచుల తాళ్ళు సర్దుతున్నట్టు నిలబడుతోంది. చూడకుండా ఉండటం కూడా పెద్ద పనే అయిపోయింది ఆమెకు. గంట కొట్టే వేళయినా పెద్ద మేడమ్ కొట్టించలేదు.

నిచ్చెన వంతు వచ్చింది. పాత ఫోన్ వెలిగి, ఆరింది. ఆమె రెండు చేతులతో అందించింది. మేజోళ్ళు చీలమండల దాకా మడిచి ఉన్నాయి.

"పెద్దమ్మా, నా మీద కోపం లేదా?"

"ఎందుకు లేదు? బోలెడంత ఉంది. సాయంత్రం దాకా నా దగ్గరే ఉంటుంది. గంట కొట్టాక వచ్చి ఫోన్‌తో పాటు అదీ పట్టుకుపో."

సాయంత్రం నిచ్చెన వచ్చి చెయ్యి చాచింది. పెద్దమ్మ గొడుగు సంచిలోంచి ఫోన్ తీసి, ఒకసారి తుడిచి ఇచ్చింది. ఆ కోపం కూడా పట్టుకుపోవాలన్నట్టు నిచ్చెన అక్కడే నిలబడింది. ఏమిటన్నట్టు చూసి, "బస్సు పోతుందే, కదులు" అని పెద్దమ్మ ఆమె వెనక ఉన్న పిల్లాడి చేప సంచి అందుకుంది.